పసుపు రంగు కనిపిస్తే ప్రొటీన్లు కలిసినట్టేనా?

పోయిన నెల మా ల్యాబ్ మీటింగ్‌లో ఒక జూనియర్ చాలా అందమైన బొమ్మ చూపించింది. ఒక ప్రొటీన్‌కి ఆకుపచ్చ రంగు, ఇంకో ప్రొటీన్‌కి ఎరుపు రంగు, రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి పెడితే కణం లోపల మైటోకాండ్రియా పొడుగునా పసుపు రంగు. "ఈ రెండూ ఇంటరాక్ట్ అవుతున్నాయి" అంది. గదిలో సగం మంది తలూపారు. నేను ఊపలేదు, అలా అని అందరి ముందూ ఆ అమ్మాయిని నిలదీయాలనీ అనిపించలేదు, ఎందుకంటే నాలుగేళ్ల క్రితం అచ్చం అలాంటి పసుపు బొమ్మే పట్టుకుని నేనూ అదే మాట చెప్పాను. మీటింగ్ అయ్యాక క్యాంటీన్‌లో కూర్చుని ఒక గంట మాట్లాడుకున్నాం. ఆ గంటలో చెప్పిందీ, టైమ్ చాలక చెప్పలేకపోయిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ పసుపు సంగతి. కాంతికి ఉన్న అల స్వభావం వల్ల మామూలు మైక్రోస్కోప్ సుమారు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు వస్తువుల్ని విడదీసి చూపించలేదు. మన ప్రొటీన్ల సైజు చూస్తే మూడు, నాలుగు, ఐదు నానోమీటర్లు. పైనుంచి డ్రోన్‌తో ఒక కల్యాణమండపాన్ని ఫోటో తీశారనుకోండి. ఫలానా అబ్బాయీ ఫలానా అమ్మాయీ ఇద్దరూ ఆ మండపంలోనే ఉన్నారని మాత్రం తెలుస్తుంది. వాళ్లు పీటల మీద కూర్చుని ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టుకుంటున్నారా, లేక ఒకరు వడ్డిస్తుంటే ఇంకొకరు చివరి బంతిలో భోజనం చేస్తున్నారా అన్నది ఆ ఫోటో చెప్పదు. పసుపు చుక్క చెప్పేది కూడా అంతే, ఇద్దరూ ఒకే మండపంలో ఉన్నారని.

జీలకర్ర బెల్లం దూరాన్ని కొలవడానికి ఉన్న పద్ధతి పేరు ఫ్రెట్, అంటే ఫోర్‌స్టర్ రెజొనెన్స్ ఎనర్జీ ట్రాన్స్‌ఫర్. దీని లెక్కని 1940ల చివర్లో థియోడర్ ఫోర్‌స్టర్ అనే జర్మన్ శాస్త్రవేత్త తేల్చాడు. కాంతిని పీల్చుకుని ఉత్తేజంలో ఉన్న ఒక అణువు పక్కనే, దానికి తగిన రంగుని పీల్చుకోగల ఇంకో అణువు ఉంటే, మొదటిది తను వెలగకుండానే తన శక్తిని రెండోదానికి అప్పగించేస్తుంది. మధ్యలో ఫోటాన్ ఏదీ బయటికొచ్చి ప్రయాణం చేయదు, నేరుగా చేతి నుంచి చేతికి మారినట్టే. ఇచ్చేదాన్ని డోనర్ అంటాం, పుచ్చుకునేదాన్ని యాక్సెప్టర్ అంటాం. ఈ అప్పగింత దూరం మీద ఆరో ఘాతంతో ఆధారపడుతుంది, అసలు బలమంతా ఇక్కడే ఉంది. నేను వాడే జంటకి 50 శాతం శక్తి చేతులు మారే దూరం 6 నానోమీటర్లకి కాస్త తక్కువ. అదే దూరం రెట్టింపయితే 50 శాతం కాస్తా ఒకటిన్నర శాతానికి పడిపోతుంది, సగమైతే 98 శాతం దాటుతుంది. పది నానోమీటర్లు దాటాక ఆచరణలో ఏమీ మిగలదు. 1967లో లూబర్ట్ స్ట్రయర్, రిచర్డ్ హాగ్లండ్ ఇద్దరూ ప్రోలిన్ గొలుసుల రెండు చివర్లా రెండు రంగు అణువులు తగిలించి, గొలుసు పొడవు మార్చుకుంటూ పోయి, ఈ ఆరో ఘాతం నిజమేనని కొలిచి చూపించారు. అప్పటి నుంచీ దీన్ని అణువుల స్కేలుగా వాడుకుంటున్నాం.

మనిషి లెక్క తేల్చకముందు నుంచే ఈ పని చేస్తున్న జీవి ఒకటుంది. ఈక్వోరియా విక్టోరియా అనే జెల్లీఫిష్. దానిలో ఈక్వోరిన్ అనే ప్రొటీన్‌ని విడిగా తీసి కాల్షియం కలిపితే నీలంగా వెలుగుతుంది, కానీ బతికున్న జెల్లీఫిష్ వెలిగేది ఆకుపచ్చగా. ఎందుకంటే ఆ శక్తి పక్కనున్న ఆకుపచ్చ ప్రొటీన్‌కి చేరిపోతుంది. ఒసాము షిమొమురా 1962లో ఈక్వోరిన్ గురించి రాసినప్పుడే ఆ ఆకుపచ్చ ప్రొటీన్ కూడా కనిపించింది. అదే మనందరం వాడే జీఎఫ్‌పీ, గ్రీన్ ఫ్లోరోసెంట్ ప్రొటీన్. దాని మీద చేసిన పనికే 2008లో షిమొమురా, మార్టిన్ చాల్ఫీ, రోజర్ సియెన్‌లకి నోబెల్ వచ్చింది. దాని జన్యువుని 1992లో క్లోన్ చేసి, ఆ డీఎన్ఏని చాల్ఫీకీ సియెన్‌కీ పంపిన డగ్లస్ ప్రేషర్ పేరు కూడా ఇక్కడ రాయకపోతే నా మనసు ఒప్పుకోదు. ఆ ప్లాస్మిడ్, అంటే జన్యువుని మోసే డీఎన్ఏ ఉంగరం, పోస్టులో పంపకపోయి ఉంటే ఈ రోజు నా ఫ్రీజర్‌లో ఉన్న ట్యూబుల్లో సగం ఉండేవి కావు.

సరే, ఫ్రెట్ జరిగిందని ఎలా తెలుసుకోవాలి? చాలామంది చేసేది వెలుగు కొలవడం. డోనర్ వెలుగు తగ్గి యాక్సెప్టర్ వెలుగు పెరిగితే ఫ్రెట్ అంటారు. వినడానికి బాగానే ఉంటుంది, కానీ బతికున్న కణంలో ఇది చాలా తలనొప్పి. ఒక కణంలో డోనర్ ఎక్కువ తయారవుతుంది, పక్క కణంలో యాక్సెప్టర్ ఎక్కువ, ఒకదాని రంగు ఇంకోదాని ఫిల్టర్‌లోకి జొరబడుతుంది, డోనర్ కోసం కొట్టిన లేజర్ యాక్సెప్టర్‌ని కూడా కొంచెం వెలిగిస్తుంది. వీటన్నిటికీ సవరణలు ఉన్నాయి, ఓపికగా చేసేవాళ్లు బాగానే చేస్తారు. నేను మాత్రం ఆ సవరణల మీద సవరణలు చేసీ చేసీ, చివరికి వచ్చిన అంకె ప్రొటీన్లదా నా సవరణలదా అన్నది తేల్చుకోలేక ఫ్లిమ్ వైపు వచ్చాను.

ఫ్లిమ్ అంటే ఫ్లోరోసెన్స్ లైఫ్‌టైమ్ ఇమేజింగ్. వెలుగు ఎంత వచ్చిందని కాకుండా, లేజర్ తగిలిన తర్వాత ఎంతసేపటికి వచ్చిందని అడుగుతుంది. ఉత్తేజంలోకి వెళ్లిన అణువు వెంటనే వెలగదు, కొన్ని నానోసెకన్లు ఆగుతుంది. మామూలుగా వాడే ఈజీఎఫ్‌పీకి (జీఎఫ్‌పీకే మెరుగుపరిచిన రూపం) ఆ సగటు సుమారు రెండున్నర నానోసెకన్లు, నేను వాడే ఎమ్‌టర్కాయిస్2 అనే నీలి ప్రొటీన్‌కి సుమారు 4. ఒక్క నానోసెకనులో కాంతి వెళ్లేదే 30 సెంటీమీటర్లు, స్కూల్లో వాడే పెద్ద స్కేలంత. అలాంటి నాలుగు స్కేళ్ల దూరం కాంతి పోయేంత సేపే మనకున్న వ్యవధి, దాంట్లోనే అంతా తేలాలి.

డాబా మీద నీళ్ల డ్రమ్ము అడుగున ఒక కుళాయి ఉందనుకోండి. ఆ ఒక్కటే తిప్పితే నీళ్లు ఒక వేగంతో పోతాయి. పక్కన రెండో కుళాయి కూడా తిప్పితే డ్రమ్ము ఇంకా త్వరగా ఖాళీ అవుతుంది. డోనర్ తనంతట తాను వెలగడం మొదటి కుళాయి, యాక్సెప్టర్‌కి శక్తి ఇచ్చేయడం రెండో కుళాయి. యాక్సెప్టర్ దగ్గరికొస్తే డోనర్ లైఫ్‌టైమ్ తగ్గుతుంది. 4 ఉన్నది 3.2 అయిందంటే సగటున 20 శాతం శక్తి రెండో కుళాయిలోంచి పోయినట్టు. నాకు దీనిలో బాగా నచ్చేదేమిటంటే, కణంలో ఇలాంటి డ్రమ్ములు వంద ఉన్నా లక్ష ఉన్నా ఒక్కో డ్రమ్ము ఖాళీ అయ్యే వేగం మారదు. అంటే ఈ కణంలో డోనర్ ఎక్కువా ఆ కణంలో తక్కువా అన్న గొడవే ఉండదు. పైగా చూసేది డోనర్ వైపు నుంచి మాత్రమే, అందుకని యాక్సెప్టర్ రంగు జొరబడే సమస్య కూడా చాలావరకు తప్పుతుంది.

కొలిచే తీరు కూడా చెప్పాలి, ఎందుకంటే నేను పడ్డ ఇబ్బందుల్లో ఒకటి ఇక్కడే మొదలైంది. మా లేజర్ సెకనుకి 4 కోట్ల సార్లు కొడుతుంది. ప్రతి దెబ్బకీ ఒక స్టాప్‌వాచ్ మొదలవుతుంది, ఫోటాన్ డిటెక్టర్‌కి తగలగానే ఆగుతుంది. ఒక్కో ఫోటాన్ ఎప్పుడొచ్చిందో రాసుకుంటూ పోతే కాసేపటికి జారుడుబల్లలాంటి ఒక గ్రాఫ్ వస్తుంది, ఆ జారుడు ఎంత నిటారుగా ఉంటే లైఫ్‌టైమ్ అంత తక్కువ. చిక్కేమిటంటే ఈ స్టాప్‌వాచ్ ఒక దెబ్బకి ఒక్క ఫోటాన్‌నే పట్టుకుంటుంది. రెండు వస్తే ముందొచ్చింది లెక్కలోకి వెళ్తుంది, వెనకొచ్చింది పోతుంది. కణం బాగా ప్రకాశవంతంగా ఉంటే ఇలా వెనకొచ్చినవే ఎక్కువగా పోయి, లైఫ్‌టైమ్ అసలుకంటే తక్కువగా కనిపిస్తుంది. తక్కువ లైఫ్‌టైమ్ అంటే మనం ఫ్రెట్ అనుకుంటాం కదా! మొదట్లో ఒక వారం పాటు, ఎక్కువ వెలిగే కణాల్లోనే ఇంటరాక్షన్ ఎక్కువ అని నోట్‌బుక్‌లో గర్వంగా రాసుకున్నాను. లేజర్ తగ్గించి మళ్లీ కొలిస్తే ఆ తేడా మాయమైపోయింది. ఇప్పుడు నూరు దెబ్బలకి ఒక ఫోటాన్ మించకుండా, అంటే సెకనుకి 4 లక్షల దగ్గరే ఆపుతాను. ఎక్కువసేపు పడుతుంది, పట్టనివ్వండి.

ఎంతసేపు అనేది ఫోటాన్ల లెక్క మీద ఉంటుంది. అంతా సవ్యంగా ఉండి ఒకే లైఫ్‌టైమ్ అయితే 100 ఫోటాన్లతో 10 శాతం తప్పుతో అంకె వస్తుంది, 1 శాతానికి రావాలంటే 10,000 కావాలి. రెండు లైఫ్‌టైమ్‌లు కలిసి ఉంటే, అంటే కొన్ని డోనర్లు జంటలో ఉండి కొన్ని ఒంటరిగా ఉంటే, ఒక్కో పిక్సెల్‌కి వేలల్లో కావాలి. బతికున్న కణం అంతసేపు కదలకుండా కూర్చోదు, లేజర్ దానికి మంచిదీ కాదు. అందుకని పక్కపక్క పిక్సెల్స్ కలపడమో, ఒక మైటోకాండ్రియా మొత్తాన్ని ఒక అంకెగా తీసుకోవడమో చేస్తాం. ఫిట్టింగ్ అంటే, గ్రాఫ్‌కి సమీకరణం సరిపెట్టి అంకె తీయడమంటే, భయపడేవాళ్లకి ఫేజర్ పద్ధతి ఉంది. ఎన్రికో గ్రాటన్, మిషెల్ డిగ్మన్ వాళ్ల బృందం 2008లో చూపించిన తర్వాత బాగా వాడుకలోకి వచ్చింది. ప్రతి పిక్సెల్‌నీ ఒక చుక్కగా మార్చి ఒక అర్ధవృత్తం మీద పెడతారు. ఒకే లైఫ్‌టైమ్ ఉన్నవి సరిగ్గా గీత మీద పడతాయి, రెండు కలిసినవి ఆ రెండిటినీ కలిపే సరళరేఖ మీద, వృత్తం లోపల పడతాయి. చుక్కల గుంపు ఎటు జరిగిందో కంటికే కనిపిస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేనైతే ముందు ఇదే చూపిస్తాను, ఫిట్టింగ్ తర్వాత.

ఇక నా కథ. ప్రొటీన్ల పేర్లు ఇప్పుడు చెప్పలేను, పేపర్ ఇంకా బయటికి రాలేదు. రెండూ మైటోకాండ్రియా బయటి పొర మీద ఉండేవే. డోనర్ ఒక్కటే ఉన్న కణాల్లో లైఫ్‌టైమ్ 3.9 నానోసెకన్లు వచ్చింది. యాక్సెప్టర్ తగిలించిన రెండో ప్రొటీన్‌ని కూడా పెడితే 3.4. మూడు రోజులు, మూడు సార్లు, ప్రతిసారీ అదే. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి, "అమ్మా, ఎక్స్‌పెరిమెంట్ వచ్చింది" అన్నాను. ఏం ఎక్స్‌పెరిమెంటో అమ్మకి తెలియదు, నా గొంతు విని ఆవిడా సంతోషపడింది.

మర్నాడు మా గైడ్ గ్రాఫ్ చూసి ఒకే ప్రశ్న అడిగారు. "యాక్సెప్టర్‌ని ఏ ప్రొటీనూ లేకుండా ఊరికే అదే పొర మీద పెట్టి చూశావా?" చూడలేదు. పొరకి అతుక్కునే తోక ఒక్కటే తగిలించిన యాక్సెప్టర్ తయారు చేయడానికి రెండు వారాలు పట్టింది. కొలిచాను. 3.5.

ఆ అంకె చూసినప్పుడు నిజంగా కడుపులో ఏదో జారినట్టయింది. నేను ఇంటరాక్షన్ అనుకున్న 0.5లో 0.4 ఉత్త రద్దీ. పొర అంటే ఒక చదునైన జాగా, దాని మీద మనం ప్లాస్మిడ్ దండిగా పోసి రెండు రంగుల్నీ కుక్కేస్తే, ఒకదానికొకటి ఏ సంబంధం లేకపోయినా పది నానోమీటర్ల లోపు ఎవరో ఒకరు తగులుతూనే ఉంటారు. సంక్రాంతి ముందు బస్టాండ్‌లో భుజాలు రాసుకున్నంత మాత్రాన చుట్టాలు అయిపోరు కదా. మండపం పోలిక ఇక్కడికి సరిపోదు, దగ్గరితనం నిజమే, కానీ బంధం లేదు.

దీన్ని విడదీసే దారి ఒకటుంది, నన్ను ఒడ్డున పడేసింది అదే. కణాలన్నిట్నీ ఒక సగటులో కలిపేయకుండా, ఒక్కో కణంలో యాక్సెప్టర్ ఎంతుందో కొలిచి, దానికి ఎదురుగా ఫ్రెట్ ఎంత వచ్చిందో గ్రాఫ్ వేయాలి. ఉత్త రద్దీ అయితే యాక్సెప్టర్ పెరిగేకొద్దీ ఫ్రెట్ కూడా దాదాపు సరళరేఖలా పెరుగుతూ పోతుంది. నిజమైన బంధం అయితే యాక్సెప్టర్ తక్కువున్నప్పుడే ఫ్రెట్ పైకి లేచి, డోనర్లన్నిటికీ జంట దొరికాక ఒక ఎత్తు దగ్గర నిలిచిపోతుంది. ఇందుకు వందల కణాలు కావాలి, ప్లాస్మిడ్ తక్కువ పోయాలి, మసకగా వెలిగే కణాల దగ్గర ఓపిగ్గా కూర్చోవాలి. మూడు నెలలు పట్టింది. ఆ మసక కణాల్లో రెండు గీతలూ విడిపోయాయి. నా జంట ముందే లేచి నిలిచిపోయింది, ఉత్త తోక నెమ్మదిగా ఎక్కుతూ పోయింది. ఇంటరాక్షన్ ఉంది. మొదట నేను అనుకున్నంత బలంగా లేదు, కానీ ఉంది. అమ్మకి రెండోసారి ఫోన్ చేశాను.

మైటోకాండ్రియా పొర మీద ఇలాంటి గీతలు గీయడం నేను నేర్చుకుంది టొరంటోలో డేవిడ్ ఆండ్రూస్ ల్యాబ్ వాళ్ల పేపర్లు చదివే. కణం చావాలా బతకాలా తేల్చే ప్రొటీన్ల మీద వాళ్ల పని. బిమ్ అనే ప్రొటీన్ చావు కబురు తెస్తుంది, బీసీఎల్-ఎక్స్‌ఎల్ దాన్ని పట్టుకుని కట్టిపడేస్తుంది. చాలా క్యాన్సర్ కణాలు ఈ కట్టేసేవాటిని ఎక్కువ చేసుకుని బతికిపోతాయి. అందుకని బిమ్ లాంటివి దూరే గాడిలో తామే దూరి, వాటిని బయటికి నెట్టేసే మందులు తయారు చేశారు. వాటిలో ఏబీటీ-737, దాని తర్వాత వచ్చిన నావిటోక్లాక్స్ ముఖ్యమైనవి. వీటి ప్రభావాన్ని ఆండ్రూస్ బృందం బతికున్న ఎమ్‌సీఎఫ్-7 రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఫ్లిమ్‌తో కొలిచింది. 2012లో ఒకసారి, 2019లో మరింత లోతుగా. బిమ్ లాంటిదే అయిన బ్యాడ్ అనే ప్రొటీన్‌ని మందు బయటికి నెట్టింది, అలాంటిదే ఇంకోటి టీబిడ్, దాన్నీ నెట్టింది. బిమ్ మాత్రం కదల్లేదు. గాడిలో దూరే చిన్న ముక్క ఒక్కటే కాదు, బిమ్ తోక కూడా బీసీఎల్-ఎక్స్‌ఎల్‌ని పట్టుకుని ఉందని, తలుపుకి గొళ్లెం ఒకటి కాదు రెండున్నాయని అప్పుడు తేలింది. గాడిలో దూరే ముక్క ఒక్కదాన్నే తీసుకుని పరీక్షనాళికలో చూసి ఉంటే ఆ రెండో గొళ్లెం కనిపించేదే కాదు. మొత్తం ప్రొటీన్, అసలైన పొర, బతికున్న కణం ఉండబట్టే బయటపడింది. ఫ్లిమ్‌తో ఇంత కష్టపడటం దేనికని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఈ ఉదాహరణే.

ఇంకొన్ని చెప్పాలి, జూనియర్‌కి హడావిడిగా చెప్పినవి. ఫ్రెట్ రాలేదంటే ఇంటరాక్షన్ లేదని కాదు. ప్రొటీన్ పెద్దదై, రంగు తగిలించిన చివర అవతలి వైపు ఉంటే పది నానోమీటర్లు ఇట్టే దాటిపోతుంది. రెండు రంగు అణువులూ ఒకదానికొకటి అడ్డంగా నిలబడినా శక్తి చేతులు మారదు. రెండు చివర్లలోనూ తగిలించి చూడాలి. ఇంకోటి, ఉష్ణోగ్రత. లైఫ్‌టైమ్ దానితో మారుతుంది, కాబట్టి 37 డిగ్రీల్లో కొలిచిన డోనర్‌ని ఏసీ గదిలో చల్లారిన డిష్‌తో పోల్చకూడదు. ఫిక్స్ చేసి, అంటే రసాయనంతో కదలకుండా బిగించి, స్లైడ్ మీద మౌంట్ చేసిన కణాలతో అసలే పోల్చకూడదు, ఎందుకంటే చుట్టూ ఉన్న ద్రవం వక్రీభవన గుణకం పెరిగితే జీఎఫ్‌పీ లైఫ్‌టైమ్ దానంతటదే తగ్గుతుంది, ఫ్రెట్ ఏమీ లేకుండానే. మీడియంలో ఫీనాల్ రెడ్, రైబోఫ్లేవిన్ ఉంటే అవీ వెలుగుతాయి. కణంలో సహజంగానే ఉండే ఎన్‌ఏడీహెచ్ అనే అణువు కూడా నీలం వైపు వెలుగుతుంది, మసక కణాల్లో అది అంకెని లాగేస్తుంది. ఏ రంగూ పెట్టని కణాల్ని ప్రతి రోజూ ఒక డిష్ కొలవండి.

డోనర్ ఎంపిక గురించి ఒక మాట. పాత నీలి ప్రొటీన్ ఈసీఎఫ్‌పీకి ఒకే లైఫ్‌టైమ్ ఉండదు, ఒంటరిగా ఉన్నా రెండు మూడు కలిసినట్టు కనిపిస్తుంది, దాని మీద ఫ్రెట్ వెతకడం బురదనీళ్లలో సూది వెతకడమే. ఆమ్‌స్టర్‌డామ్‌లో యోఖిమ్ గూధార్ట్, డోరస్ గడెల్లా వాళ్లు కొత్త నీలి ప్రొటీన్ల కోసం వెలుగుతో పాటు లైఫ్‌టైమ్‌నే కొలమానంగా పెట్టుకుని వడపోత చేశారు. అలా వచ్చిన దారిలోనే 2012లో ఎమ్‌టర్కాయిస్2 తయారైంది. పీల్చుకున్న నూరు ఫోటాన్లకి 93 తిరిగి ఇస్తుంది, జారుడు కూడా ఒకే తీరులో ఉంటుంది. బతికున్న కణంలో ఫ్లిమ్ మొదలుపెట్టేవాళ్లు ఎవరడిగినా దీంతోనే మొదలుపెట్టమంటాను.

జూనియర్ తన ప్రొటీన్‌కి ఆకుపచ్చ తీసేసి ఎమ్‌టర్కాయిస్2 పెట్టుకుంది. నేను అడగకముందే తోక ఒక్కటే ఉన్న యాక్సెప్టర్‌కి కూడా ప్రైమర్లు (దాన్ని తయారు చేయడానికి కావాల్సిన చిన్న డీఎన్ఏ ముక్కలు) ఆర్డర్ చేసింది. నిన్న సాయంత్రం మైక్రోస్కోప్ గదిలో డోనర్ ఒక్కటే ఉన్న కణాలు 42 కొలిచాం, నీలి గుంపు మొత్తం అర్ధవృత్తం గీత మీదే కూర్చుంది, సగటు 3.9. మంగళవారం మధ్యాహ్నం నాలుగు గంటల స్లాట్ బుక్ చేశాం, ఆ రోజు యాక్సెప్టర్‌వి రెండూ పక్కపక్కన కొలుస్తాం.